లెక్క అడిగితే తప్పేమిటి?

మన సావనీరులో ప్రతి యేడూ కవితలుంటాయి, ఒకటో రెండో ప్రేమకథలుంటాయి, నిరుద్యోగం మీద ఒక వ్యాసం తప్పనిసరిగా వుంటుంది. కంపెనీ వాటాల గురించి బి.యస్సీ. చదివే రైతు కొడుకు రాయడమేమిటని నవ్వే మిత్రులుండవచ్చు. మా పొలంలో వీడు గట్టు తొక్కుతున్నాడేమిటని కామర్సు మిత్రులు కోప్పడనూవచ్చు. అయినా రాస్తున్నాను. మా హాస్టల్లో పొద్దున్నే ఫోనులో షేరు ధర చూసుకోకుండా పళ్ళు తోముకునేవాళ్ళు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. 2020 మార్చిలో దేశం మొత్తం మీద డీమ్యాట్ ఖాతాలు సుమారు 4 కోట్లు. 2024 ఆగస్టు నాటికి అవి 17 కోట్లు దాటాయి. వీళ్ళంతా బొంబాయి సేట్లు కారు గదా! మన వూళ్ళ వాళ్ళే. మన అన్నలు, బావలు, బాబాయిలు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఒక చిన్న టెక్నాలజీ కంపెనీలో వంద షేర్లు కొన్నవాడు కూడా ఆ కంపెనీకి యజమానే. యజమాని లెక్క అడగవచ్చు. అడిగితే చెప్పవలసిన బాధ్యత యాజమాన్యం అని పిలవబడే జీతగాళ్ళది. ఇప్పుడు జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. జీతగాడు సింహాసనం మీద కూర్చుంటున్నాడు, యజమాని గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడుతున్నాడు.

"షేర్లంటే జూదం నాయనా, జూదంలో లెక్కేమిటి?" అనే పెద్దలున్నారు. వాళ్ళ మాట కొంతవరకు నిజమే. ఫ్యూచర్లు, ఆప్షన్లు అనే వ్యవహారంలో 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో చిన్న మదుపరులు 100కి 93 మంది నష్టపోయారనీ, ఆ నష్టం 1.8 లక్షల కోట్లు దాటిందనీ సెబీయే లెక్క కట్టి చెప్పింది. అది పందెమే. కోడి గెలిచినా ఓడినా పందెం కాసినవాడికి కోడితో బంధుత్వం లేదు. నేను రాస్తున్నది వాళ్ళ గురించి కాదు. ఒక కంపెనీ చేసే పనిని నమ్మి, డబ్బు పెట్టి, ఏళ్ళ తరబడి వుంచుకున్నవాళ్ళ గురించి. వాళ్ళు పందెం కాయలేదు. పొత్తు కలిశారు. పొత్తు వ్యవసాయంలో కళ్ళం దగ్గర లెక్క అడక్కుండా ఇంటికి పోయే రైతుని నేనింతవరకు చూడలేదు.

మా నాన్న షేరు మార్కెట్టు మొహం ఎరగడు. కానీ ఆయనా వాటాదారుడే. సహకార సొసైటీలో పంట రుణం తీసుకున్నప్పుడల్లా కొంత సొమ్ము వాటాధనం కింద పట్టుకుంటారు. అందుకని సంవత్సరానికో సారి మహాజన సభకి పిలుపొస్తుంది. రావిచెట్టు కింద పట్టాలు పరుస్తారు, సెక్రటరీగారు జమాఖర్చులు చదువుతారు. ఒక యేడు ఎరువుల గోదాముకి రేకులు మార్చామని ఖర్చు చదివితే, వెనకనించి ఒక ముసలాయన లేచి "నిన్న సాయంత్రమే ఆ పక్కనించి వచ్చాను సెక్రటరీగారూ, రేకులు పాతవే, చిల్లులూ పాతవే" అన్నాడట. సభంతా ఘొల్లున నవ్వింది. తరవాత ఆ పద్దు ఏమైందన్నది వేరే కథ. సొసైటీలన్నీ సత్యహరిశ్చంద్రుడి నిలయాలని నేనెప్పుడూ అనను. అయితే ఆ ముసలాయనకి లేచి మాట్లాడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. చదివింది తెలుగులో, అడిగింది తెలుగులో. రేకులు కళ్ళెదుట వున్నాయి.

ఇప్పుడు టెక్నాలజీ కంపెనీ వారి మహాజన సభ ఎలా వుంటుందో చెబుతాను. మా బాబాయికి నాలుగెకరాల మిర్చి. 2023లో మిర్చికి మంచి ధర పలికింది. కోల్డ్ స్టోరేజీలో దాచిన టిక్కీలు అమ్మి అప్పులు తీర్చగా మిగిలిన మూడు లక్షలు, మా చెల్లెలి ఇంజనీరింగు ఫీజు కోసమని, ఒక చిన్న కంపెనీ షేర్లలో పెట్టాడు. ఆ కంపెనీ పేరు రాయను, రాయవలసిన పనీ లేదు. నేలలో తేమ ఎంతుందో కొలిచి, నీళ్ళు ఎప్పుడు పెట్టాలో ఫోనుకి చెప్పే పరికరాలు చేస్తామన్నారు వాళ్ళు. డ్రిప్పు వేసుకున్న రైతుకి ఆ మాట ఎంత తియ్యగా వుంటుందో వేరే చెప్పాలా? తనకి అర్థమయ్యే పని చేసే కంపెనీ గనక కొన్నాడు. ఇందులో మూర్ఖత్వం ఏమీ లేదు. పెద్ద పెద్ద మదుపు పండితులు కూడా ఇదే సలహా ఇస్తారు.

షేరు 140 నించి 40 దిగువకి వచ్చింది. బాబాయికి దాని మీద అంత కోపం లేదు. "ధరన్నాక పడుద్దిరా, మిర్చి పడలా?" అన్నాడు. అతనికి ఒళ్ళు మండింది వార్షిక నివేదిక చూశాక. అది 180 పేజీల ఇంగ్లీషు. హాస్టలు గదిలో రెండు రాత్రులు నేనే చదివి చెప్పాను. అమ్మకాలు తగ్గాయి. కంపెనీ నష్టంలో పడింది. మేనేజింగ్ డైరెక్టరు జీతం మాత్రం పెరిగింది. పరిశోధన మీద పెట్టిన ఖర్చు కన్నా ప్రయాణాలూ, సదస్సుల మీద పెట్టినది ఎక్కువ. నూట ముప్పయ్యో పేజీ దాటాక చీమతలంత అక్షరాల్లో "సంబంధిత పక్షాలతో లావాదేవీలు" అని ఒక పట్టిక వుంది. ఆఫీసు భవనం అద్దె పోయేది డైరెక్టరుగారి కుటుంబానికే! అద్దె కూడా ఆ యేడే పెరిగింది.

సర్వసభ్య సమావేశం వీడియోలో. మాట్లాడదలుచుకున్నవారు ముందుగా ఈమెయిలు పంపి పేరు నమోదు చేసుకోవాలి. పంపాం. చైర్మన్‌గారు నలభై నిమిషాలు మాట్లాడారు. కృత్రిమ మేధ అన్నారు, డిజిటల్ పరివర్తన అన్నారు, 2030 దార్శనికత అన్నారు. తేమ కొలిచే పరికరం ఎన్ని అమ్మారో మాత్రం అనలేదు. తరవాత వాటాదారులకి తలా మూడు నిమిషాలు. మొదటి ముగ్గురూ ఏ కంపెనీ సభలోనైనా కనిపించే బాపతులా వున్నారు. చైర్మన్‌గారి నాయకత్వాన్ని పొగిడారు, కంపెనీ సెక్రటరీ నివేదిక చక్కగా అచ్చు వేయించారని మెచ్చుకున్నారు, వచ్చే యేడు సభ వీడియోలో గాక హోటల్లో పెట్టి భోజనాలు పెట్టమన్నారు. నాలుగోవాడు మా బాబాయి. "అయ్యా, నమస్కారం. నష్టం వచ్చిన యేడు మీ జీతం ఎందుకు పెరిగిందో చెప్పండి. మీ ఇంటికే అద్దె కట్టుకుంటా అద్దె ఎందుకు పెంచారో చెప్పండి. అమ్మిన మిషన్లెన్నో చెప్పండి. నాకింకేం వద్దు" అన్నాడు. ముప్పయి సెకన్లు కూడా పట్టలేదు. చైర్మన్‌గారిదీ మన జిల్లాయే. ఆయన ఇంగ్లీషులో, మీ సలహాలు నమోదు చేసుకున్నాం, సమాధానం విడిగా ఈమెయిలు ద్వారా పంపుతాం అన్నారు. మాట మధ్యలోనే బాబాయి మైకు కట్టేశారు. ఈ వ్యాసం రాసేనాటికి ఆ ఈమెయిలు రాలేదు.

"ఒరే అబ్బాయ్, యార్డులో కాటా దగ్గర తరుగు తీసేవాడు కూడా ఎందుకు తీశాడో నోటితో చెప్పుద్దిరా. ఈళ్ళు ఆపాటి కూడా చెప్పరే" అన్నాడు బాబాయి.

ఇది ఒక్క బాబాయి గోడే అయితే నేను సావనీరు పేజీలు పాడుచేసేవాణ్ణి కాదు. వాటాదారుల కోపానికి విలువేమిటో మన హైదరాబాదులోనే ఒకసారి రుజువైంది. ఆ సంగతి మన లెక్చరర్లకి బాగా గుర్తుంటుంది. మనలో చాలామంది అప్పటికి బడి ముఖం చూడలేదు.

సత్యం కంప్యూటర్స్ 1987లో మొదలైన నాడు చిన్న సంస్థే. 2008 నాటికి యాభైవేలకు పైగా ఉద్యోగులున్నట్టు చెప్పుకునే స్థితికి వచ్చింది, న్యూయార్కు ఎక్స్‌ఛేంజీలో కూడా దాని షేర్లు నడిచేవి. ఆ యేడే మంచి కార్పొరేట్ పాలనకి గోల్డెన్ పీకాక్ బహుమానం కూడా అందుకుంది. 2008 డిసెంబరు 16న దాని డైరెక్టర్ల బోర్డు ఒక తీర్మానం చేసింది. చైర్మన్ రామలింగరాజుగారి కుటుంబం చేతిలో వున్న మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు కంపెనీలని 160 కోట్ల డాలర్లకి కొనాలని! (ఇంగ్లీషులో సత్యం అన్న పేరుని వెనకనించి చదివితే మేటాస్ అవుతుంది. పేరులోనే అంతా చెప్పారు గాని ఎవరూ చదవలేదు.) ఒకటి ఇళ్ళ స్థలాల కంపెనీ, ఒకటి రోడ్లూ నిర్మాణాల కంపెనీ. సాఫ్ట్‌వేర్ కంపెనీకి వీటితో ఏం పని? ఆ బోర్డులో హార్వర్డు ప్రొఫెసరున్నారు, దేశానికి కేబినెట్ సెక్రటరీగా చేసిన పెద్దమనిషున్నారు, బిజినెస్ స్కూలు డీన్ వున్నారు. వాళ్ళంతా ఔనన్నారు.

కాదన్నది వాటాదారులు. మూలధనంలో ప్రమోటర్ల వాటా అప్పటికి 9 శాతం కూడా లేదు. మిగతా అంతా బయటివాళ్ళది. "మా డబ్బుతో మీ పిల్లల కంపెనీలు కొంటారా?" అని మండిపడ్డారు. ఆ రాత్రి న్యూయార్కులో సత్యం షేరు సగానికి పైగా కూలింది. మర్నాడు మన మార్కెట్టు తెరిచేలోగా తీర్మానం వెనక్కి తీసుకున్నారు. మూడు వారాలు తిరిగేసరికి, 2009 జనవరి 7న, రాజుగారి ఉత్తరం వచ్చింది. బ్యాంకులో వున్నట్టు చూపిన నగదులో 5,040 కోట్లు లేనేలేవు! లేని ఆస్తుల స్థానంలో వున్న ఆస్తులు చేర్చడానికి చేసిన చివరి ప్రయత్నమే మేటాస్ వ్యవహారమని ఆ ఉత్తరంలోనే ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజులో షేరు విలువలో మూడొంతులకి పైగా ఆవిరైంది.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రపంచంలో పేరుమోసిన ఆడిటర్లు ఏళ్ళ తరబడి సంతకాలు పెట్టారు, కనిపెట్టలేకపోయారు. బోర్డులో ప్రొఫెసర్లు కనిపెట్టలేకపోయారు. బహుమానం ఇచ్చినవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. "ఈ ఖర్చు ఎందుకు?" అన్న ఒక్క ప్రశ్న గట్టిగా పడేసరికి అంత కోట కూలింది. ఆ ప్రశ్న అయిదేళ్ళ ముందు పడివుంటే ఎన్ని కుటుంబాలు బాగుపడేవో ఆలోచించండి.

తరవాత జరిగింది ఇంకా చేదు. అమెరికాలో సత్యం షేర్లు కొన్నవాళ్ళు అంతా కలిసి ఒకే దావా వేశారు. 2011లో కంపెనీ వాళ్ళకి 12.5 కోట్ల డాలర్లు, ఆడిటు సంస్థ 2.55 కోట్ల డాలర్లు ఇచ్చి రాజీపడ్డాయి. అదే షేరు హైదరాబాదులో, విజయవాడలో కొన్నవాళ్ళకి? వాళ్ళ తరఫున నష్టపరిహారం కోరుతూ వేసిన ఫిర్యాదుని వినియోగదారుల కమిషన్ విచారణకే తీసుకోలేదు, సుప్రీంకోర్టులోనూ పని జరగలేదు. అంతా కలిసి దావా వేసే దారి అప్పటి మన కంపెనీ చట్టంలో లేదు. ఒకే దొంగతనం, ఒకే సొత్తు. అక్కడివాడికి పరిహారం, ఇక్కడివాడికి సానుభూతి. 2015 ఏప్రిల్లో హైదరాబాదు కోర్టు దోషులకి ఏడేళ్ళ శిక్ష వేసింది. శిక్ష పడితే బాబాయిలాంటి వాడి ఫీజు డబ్బు తిరిగిరాదు గదా.

అది పాత కథ, ఇప్పుడు చట్టాలు మారాయి, అలాంటివి జరగవు అనేవాళ్ళ కోసం 2025 నాటి కథ ఒకటి. అహ్మదాబాదులో జెన్‌సోల్ ఇంజనీరింగ్ అనే కంపెనీ. సౌరవిద్యుత్ పనులు చేసేది. 2019లో చిన్న సంస్థల విభాగంలో షేర్లు అమ్మి, తరవాత పెద్ద బోర్డుకెక్కింది. విద్యుత్ కార్లు కొని బ్లూస్మార్ట్ అనే టాక్సీ సంస్థకి లీజుకిచ్చే వ్యాపారంలో దిగింది. 2025 ఏప్రిల్ 15న సెబీ ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వులో వివరాలున్నాయి. 6,400 కార్లు కొనడానికని ప్రభుత్వ సంస్థల దగ్గర 663.89 కోట్లు అప్పు తెచ్చి, కొన్నది 4,704 కార్లు. తమ వంతు డబ్బు కూడా కలుపుకుంటే లెక్క తేలని సొమ్ము సుమారు 262 కోట్లు. ఆ సొమ్ములోంచి గుర్‌గాఁవ్‌లో సుమారు 43 కోట్ల విలాస భవనపు ఫ్లాటుకి డబ్బు వెళ్ళిందనీ, 26 లక్షలు గోల్ఫు సామానుకి ఖర్చయిందనీ సెబీ రాసింది. గోల్ఫు కర్రలకి 26 లక్షలు! మా వూళ్ళో ఆ డబ్బుతో ట్రాక్టర్లు మూడొస్తాయి, ట్రక్కులతో సహా.

ఈ కంపెనీలో చిన్న వాటాదారులు లక్షమందికి పైగా. 2024లో 1,100 రూపాయలు దాటిన షేరు ఆ ఏప్రిల్ నడిమికి 130 దరిదాపుల్లోకి దిగింది. స్వతంత్ర డైరెక్టర్లు ఉత్తర్వు వచ్చాక రాజీనామాలు చేశారు. ఇల్లు కాలిపోయాక కాపలా మానుకున్నట్టు. జూన్‌లో కంపెనీ దివాలా విచారణకి పోయింది.

ఆ ఉత్తర్వులో నన్ను బాగా ఆకట్టుకున్నది గోల్ఫు కర్రలు కాదు, ఒక కరెంటు బిల్లు. 30,000 విద్యుత్ కార్లకి ముందస్తు ఆర్డర్లొచ్చాయని 2025 జనవరిలో కంపెనీ ప్రకటించింది. సెబీ చూస్తే అవి 9 సంస్థలతో కుదుర్చుకున్న ఒప్పంద పత్రాలు. ధర లేదు, కార్లు ఎప్పుడిస్తారో గడువు లేదు, కొంటే బాగుండునన్న ఇష్టం మాత్రం వుంది. ఏప్రిల్ 9న నేషనల్ స్టాక్ ఎక్స్‌ఛేంజి అధికారి పూనా దగ్గర చాకణ్‌లోని కార్ల ఫ్యాక్టరీకి స్వయంగా వెళ్ళాడు. ఇద్దరు ముగ్గురు కూలీలున్నారు, తయారీ ఏమీ లేదు. కరెంటు బిల్లులు అడిగాడు. ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువొచ్చిన నెల బిల్లు 1.57 లక్షలు.

నేను ఫిజిక్సు విద్యార్థిని గనక ఒక లెక్క వేశాను. యూనిట్ 10 రూపాయలనుకుంటే అది నెలకి 15,700 యూనిట్లు, రోజుకి సుమారు 520. పది హార్స్‌పవర్ మోటారు తొమ్మిది గంటలు తిరిగితే 67 యూనిట్లు కాలుతుంది. అంటే కార్ల ఫ్యాక్టరీ అన్నది వాడిన కరెంటు మా కాలవగట్టు మీద ఎనిమిది బోరు మోటార్లకి సరిపోయేంత! ఎనిమిది మోటార్లతో మిర్చి పండించవచ్చునేమోగాని కార్లు పండించడం సాధ్యమా?

దీన్ని గూర్చి ఎందుకింత రాస్తున్నానంటే, టెక్నాలజీ అన్న మాట ఒక ముసుగయిపోయింది. సిమెంటు కంపెనీ అయితే "ఎన్ని బస్తాలు?" అని అడుగుతాం. పాల డెయిరీ అయితే "ఎన్ని లీటర్లు?" అంటాం. టెక్నాలజీ కంపెనీ అనేసరికి "మనకేం తెలుస్తుందిలే" అని చేతులు కట్టుకుంటాం. సైన్సు చదువుకునే మనం కూడా! ప్రయోగశాలలో రీడింగు లేకుండా రిజల్టు రాస్తే మన డిమానుస్ట్రేటరుగారు రికార్డు విసిరికొడతారు. కోట్ల మూలధనమున్న కంపెనీ రీడింగు లేకుండా రిజల్టు రాస్తుంటే చప్పట్లు కొడుతున్నాం. ఫ్యాక్టరీకి కరెంటు బిల్లుంటుంది. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టే ఖాతాదార్లుంటారు. పరికరానికి అమ్మిన రసీదులుంటాయి. ఎంత గొప్ప టెక్నాలజీ అయినా ఎక్కడో ఒకచోట నేలని తాకుతుంది. అక్కడ నిలబడి కొలవాలి.

అయితే యాజమాన్యాల వైపు న్యాయం అసలు లేదని అనను. వాటాదారులందరూ ధర్మరాజులు కారు. మూడు నెలలకే లాభం కావాలని గోల పెట్టేవాళ్ళున్నారు. కొత్త పరికరం కనిపెట్టాలంటే ఏళ్ళు పడుతుంది, ఆ ఏళ్ళన్నీ ఖర్చే. మామిడి మొక్క నాటినవాణ్ణి ఆర్నెల్లకే కాయలేవీ అనడం తగదు. పరిశోధన మీద ఖర్చుపెట్టి ఓడిపోయిన కంపెనీని నేను తప్పుపట్టను, మా బాబాయీ తప్పుపట్టడు. పురుగు తగిలి పంట పోయినవాణ్ణి ఊళ్ళో ఎవరూ దొంగ అనరు. విత్తనాల డబ్బుతో పెళ్ళిలో బాణాసంచా కాల్చినవాణ్ణి మాత్రం అంటారు. ఆ రెంటికీ తేడా తెలియాలంటే లెక్క బయట పెట్టాలి. బయటపెడితే మామిడి మొక్క నాటిన నిజాయితీపరుడికే మేలు, ఓపిక పట్టే వాటాదారులు అతనికి దొరుకుతారు.

మరి హక్కులు లేవా అంటే బోలెడున్నాయి. సత్యం దెబ్బ తరవాత వచ్చిన 2013 కంపెనీల చట్టం మన లైబ్రరీలో రిఫరెన్సు అలమారలో వుంది, దుమ్ము దులిపి చూడవచ్చు. సభకి 21 రోజుల ముందు లెక్కలు వాటాదారుడికి చేరాలి. ఓటు హక్కున్న మూలధనంలో పదోవంతు చేతిలో వున్నవాళ్ళు కోరితే ప్రత్యేక సభ పిలవాల్సిందే, బోర్డు పిలవకపోతే వాళ్ళే పిలుచుకోవచ్చు. సాధారణ మెజారిటీతో డైరెక్టర్ని తీసెయ్యవచ్చు. కనీసం వందమంది సభ్యులు కలిస్తే, అమెరికా వాళ్ళలాగా అందరి తరఫునా ఒకే దావా కంపెనీ లా ట్రైబ్యునల్లో వెయ్యవచ్చు. 151వ సెక్షన్ అయితే మరీ ముచ్చటైనది. 20,000 రూపాయల ముఖవిలువకి మించని వాటాలున్నవాళ్ళు చిన్న వాటాదారులు. వాళ్ళు తమ మనిషినొకణ్ణి బోర్డులో కూర్చోబెట్టుకోవచ్చు.

చూడ్డానికి పెళ్ళి భోజనంలాగే వుంది. విస్తరి మాత్రం అటకమీద వుంది. పదోవంతు మూలధనం చిన్నవాళ్ళ దగ్గర వున్నా, ఒకడు గుంటూరులో, ఒకడు గోరఖ్‌పూర్‌లో, ఒకడు డల్లాస్‌లో వుంటాడు. ఒకడి పేరు ఒకడికి తెలియదు. సత్యంలో ఒక్క రాత్రిలో పనయిందంటే అక్కడ పెద్ద పెద్ద ఫండ్లూ, విదేశీ సంస్థలూ ఆ షేర్లు పట్టుకుని వున్నాయి గనక. చిన్న కంపెనీల్లో అలాంటి పెద్ద దిక్కు వుండదు. ప్రమోటర్లకి సగం, మిగతా సగం లక్షమందికి చిల్లర. మా బాబాయి కంపెనీలో ఆ యేడు తీర్మానాలన్నీ 99 శాతం ఓట్లతో నెగ్గాయి. ఓటు వేసింది ఎవరు? ప్రమోటర్లు. చిన్నవాళ్ళు వెయ్యనే లేదు. ఫోనులోనే ఓటు వెయ్యవచ్చని వాళ్ళలో ఎంతమందికి తెలుసు? రోజుకి ముప్పయి సార్లు ధర చూసే మా హాస్టలు మిత్రుల్ని పదిమందిని అడిగాను, ఈ యేడు ఏ కంపెనీ తీర్మానానికైనా ఓటు వేశారా అని. ఒకడు మాత్రం "అలాంటిది కూడా వుందా?" అన్నాడు. మిగతావాళ్ళు అదీ అడగలేదు.

నా కోరికలు పెద్దవి కావు. మన రాష్ట్రాల్లో ఆఫీసు పెట్టుకుని, మన దగ్గర డబ్బు తీసుకున్న కంపెనీలు 180 పేజీల ఇంగ్లీషుతో పాటు పది పేజీల తెలుగు లెక్క అచ్చువెయ్యాలి. అందులో అమ్మిందెంత, వచ్చిందెంత, డైరెక్టర్ల జీతమెంత, వాళ్ళ చుట్టాలకి కట్టిందెంత అన్న నాలుగు అంకెలు మొదటి పేజీలోనే వుండాలి. మన సొసైటీ సెక్రటరీ చెయ్యగలిగిన పని మేనేజ్‌మెంటు పట్టాలున్నవాళ్ళకి కష్టమెలా అవుతుంది? రెండోది, సభలో అడిగిన ప్రశ్నకి ఇచ్చిన జవాబుని నెలలోగా అందరికీ తెలిసేలా ప్రకటించాలని సెబీ నిబంధన పెట్టాలి. విడిగా ఈమెయిలు అన్న మాటకి అర్థం ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మూడోది, చిన్న వాటాదారుల డైరెక్టరు అన్నది ఇప్పుడు కంపెనీ దయ మీద, వేయిమంది సంతకాల మీద ఆధారపడింది. చిన్నవాళ్ళు ఎక్కువగా వున్న ప్రతి కంపెనీలోనూ దాన్ని తప్పనిసరి చెయ్యాలి. జీతం తీసుకునేవాడే బోర్డుని ఎంచుకుంటే, ఆ బోర్డు అతని జీతానికి అడ్డు చెబుతుందని ఎలా అనుకోవడం?

ఇవన్నీ ఢిల్లీలో, బొంబాయిలో జరగాల్సినవి. మన కాలేజీలో జరగగలిగేది ఒకటుంది. మన యూనియన్ ప్రతి యేడూ ఫ్రెషర్స్ డేకి, సావనీరుకి, క్రికెట్టుకి కమిటీలు వేస్తుంది. ఇంకో చిన్న కమిటీ వెయ్యమని అధ్యక్షుణ్ణీ, కార్యదర్శినీ కోరుతున్నాను. కామర్సు మిత్రులు నలుగురు, సైన్సు వాళ్ళం నలుగురం. వాళ్ళకి జమాఖర్చులు తెలుసు, యంత్రం నిజంగా పని చేస్తుందా అన్నది మేం అడగగలం. మన విద్యార్థుల ఇళ్ళల్లో ఎవరికి ఏ చిన్న కంపెనీ షేర్లున్నా ఆ వార్షిక నివేదిక తెచ్చి ఇస్తే, రెండు పేజీల తెలుగులో రాసిస్తాం, ఓటు ఎలా వెయ్యాలో చెబుతాం. షేరు కొనమనీ అమ్మమనీ మాత్రం చెప్పం, అది మన పని కాదు. నివేదికలు జులై నించి రావడం మొదలవుతాయి, సెప్టెంబరు ఆఖరులోగా సభలు అయిపోతాయి. గది లైబ్రరీ వెనకదైనా సరిపోతుంది. పేర్లు ఇవ్వదలుచుకున్నవారు సైన్సు బ్లాకు నోటీసు బోర్డు దగ్గర నన్ను కలవండి. మొదటి నివేదిక మా బాబాయిది సిద్ధంగా వుంది, నూట ముప్పయ్యో పేజీ దగ్గర మడత పెట్టి వుంచాను.